వరహాలమ్మ డెబ్బై సెంట్లు

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లతో చెప్పగలిగే మాటే అయితే ఈపాటికి ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి. పాతికేళ్లు దాటింది. ఒక మాట గొంతులో అడ్డం పడి అలాగే ఉండిపోయింది. అన్నం తింటున్నా ఉంది, మనవలతో ఆడుతున్నా ఉంది, ఎవరైనా నన్ను పెద్దమనిషి అన్నప్పుడు మరీ ఎక్కువగా ఉంది.

నాకు చిన్నాచితకా తప్పులు చాలానే ఉన్నాయి. వాటికి నేను బెంగపడను. ఇది అలాంటిది కాదు. ఒకావిడ పొలం పోయింది. నేనొక్క నిజం చెప్పి ఉంటే పోయేది కాదు. చెప్పలేదు. అంతే విషయం. అంతే అని రాశాను గానీ, అంతే అయితే ఇన్నేళ్లు ఎందుకు పట్టింది?

నాది చోడవరం. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి కాస్త దూరంలో, ఒక అరుగు మీద బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాణ్ణి. అమ్మకాలు, తనఖాలు, పంపకాలు, వీలునామాలు. మాడుగుల నుంచి, రోలుగుంట నుంచి, వడ్డాది నుంచి రైతులు బస్సు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చేవారు. నా అక్షరం గుండ్రంగా, ముత్యాల్లా ఉంటుందని పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఆ అక్షరం నాకు నేర్పింది మా గురువుగారు. ఆయన రాతా నా రాతా పక్కపక్కన పెడితే మా ఇంట్లోవాళ్లే తేల్చలేకపోయేవారు.

మా వైపు పొలాలు రెండుసార్లు అమ్ముడవుతాయి. మొదట తెల్లకాగితం మీద, ఆ తర్వాత ఎప్పుడో రిజిస్టరు కాగితం మీద. అక్కచెల్లెళ్ల సంతకాలు కుదరలేదనో, స్టాంపు ఖర్చుకి ఈ ఏడు చెరుకు డబ్బు చాలదనో, ముందు ఒక తెల్లకాగితం రాయించుకుని, సొమ్ము ఇచ్చి, పొలంలోకి దిగిపోతారు. నాలుగేళ్లో ఎనిమిదేళ్లో గడిచాక తీరిగ్గా రిజిస్ట్రేషన్. ఆ తెల్లకాగితాల కింద మేం మా పేరు రాసుకోం. రిజిస్టరు కాగితమైతే చివర ‘దస్తూరి ఫలానా’ అని రాసినవాడి పేరు ఉంటుంది. తెల్లకాగితానికి అది పెట్టం. రేపు ఏ తగాదా వచ్చినా మమ్మల్ని సాక్ష్యానికి పిలవకూడదని. ఇది మా వృత్తిలో అందరూ చేసేదే. అందరూ చేస్తారు కదా అని నేను ఎన్ని పనులు చేశానో తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

వరహాలమ్మది వడ్డాది దగ్గర పల్లె. అప్పట్లో ముప్ఫై ఏళ్లుంటాయేమో. నాలుగు గేదెలు పెట్టుకుని, తెల్లారకముందే పాలు పితికి, మొదటి బస్సుకి చోడవరం తెచ్చి హోటళ్లకి పోసేది. మా అరుగు పక్క టీ కొట్టుకీ ఆవిడే. ఆ పాల డబ్బు కూడబెట్టి, దానికి రెండు గేదెలు అమ్మిన సొమ్ము కలిపి, సన్నిబాబు అనే వరసకి మామయ్యే ఒకాయన దగ్గర డెబ్బై సెంట్ల పల్లపు భూమి కొనుక్కుంది. తెల్లకాగితం మీద. రాసింది నేను. సాక్షులు ఇద్దరు, అందులో ఒకరు ఆవిడ సొంత అన్న.

అప్పటికి ఆవిడ భర్త అప్పారావుకి ఉద్యోగం లేదు. ఆ తర్వాత నాలుగేళ్లకి ఒక ప్రభుత్వ ఆఫీసులో క్యాషియరుగా కుదిరాడు. ఏ ఆఫీసో రాయను, ఆ ఆఫీసు తప్పేమీ లేదు. ఆయన ఆ కుర్చీలో కూర్చున్న రెండేళ్లకి వరహాలమ్మ పొలం రిజిస్ట్రేషన్ అయింది. అంటే కొన్న ఆరేళ్లకి. ఆ మరుసటి ఏడాదే సన్నిబాబు పోయాడు. సాక్షుల్లో రెండో ఆయన అంతకు ముందే పోయాడు. ఇక ఆ తెల్లకాగితం సంగతి తెలిసిన బయటివాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ఇప్పుడు రెండో కాగితం సంగతి.

తొంభైల నడుమ ఒకరోజు అప్పారావు నా బల్ల దగ్గరికి వచ్చాడు. చోడవరంలో తన అన్న పేరు మీద ఒక ఇంటి స్థలం కొన్నాడు. కొన్నది ఎవరి డబ్బుతోనో నేను అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నానా? కాదు. తెలుసు కనక అడగలేదు. ఆ స్థలం తాను ఉద్యోగంలో చేరకముందే అన్న కొన్నట్టుగా పాత తేదీతో ఒక ఒప్పందం కావాలన్నాడు. నా దగ్గర పాత స్టాంపు కాగితాలుండేవి. మా గురువుగారు పోయాక ఆయన పెట్టె నాకు వచ్చింది. బేరం చెడి ఎవరో వదిలేసి వెళ్లిన స్టాంపులు, వెనక అమ్మినవాడి ముద్ర, పాత తేదీ, అన్నీ ఖాయంగా ఉన్నవి. ఒకటి తీసి రాశాను. చివర దస్తూరి దగ్గర నా పేరు పెట్టలేదు. మా గురువుగారి పేరు పెట్టాను. చచ్చిపోయినవాణ్ణి ఏ కోర్టూ పిలవదు కదా. ఆయన బతికుండగా ఇలాంటి పని చచ్చినా చేసేవాడు కాదు. చచ్చాక నా చేత్తో చేశాడు. మామూలుగా తీసుకునేదానికి అయిదింతలు ఇచ్చాడు అప్పారావు. తీసుకున్నాను.

ఏడాది తిరక్కుండా అప్పారావు ఆఫీసు సొమ్ము తిన్నాడని దొరికిపోయాడు. సస్పెండయ్యాడు, అరెస్టయ్యాడు, బెయిలు మీద వచ్చాడు. ఇంట్లో ఉన్న ఆస్తుల జాబితా రాసుకెళ్లారు. వడ్డాది పొలమూ, అన్న పేరుతో ఉన్న స్థలమూ రెండూ తాత్కాలిక జప్తులోకి వెళ్లాయి. అభ్యంతరాలుంటే విశాఖపట్నం కోర్టులో చెప్పుకోమని నోటీసులు వచ్చాయి.

మీకు చట్టం తెలియకపోతే చెబుతాను, ఇందులో చిక్కేమీ లేదు. తిన్న ప్రభుత్వ సొమ్ముతో కొన్న ఆస్తి ఎవరి పేరు మీద ఉన్నా జప్తు చేయొచ్చు. పెళ్లాం పేరన్నా, అన్న పేరన్నా ఆగదు. కానీ దానికీ ఒక హద్దు ఉంది. ఆ సొమ్ము చేతికి రాకముందే, ఇంకొకరు తమ కష్టార్జితంతో కొనుక్కున్నదాన్ని ముట్టుకోకూడదు. మొగుడు దొంగ అయినంత మాత్రాన పెళ్లాం పాలు పోసి కొన్న పొలం దొంగసొమ్ము అయిపోదు. ఎంత సబబుగా ఉంది! నేను చట్టాన్ని తిట్టుకుందామని ఎన్నోసార్లు చూశాను, తిట్టడానికి వీల్లేకుండా ఉంది. చట్టం సరిగ్గానే ఉంది. తేదీ రుజువు చేసుకోమంది, అంతే.

ముందు అప్పారావు అన్న అభ్యంతరం విచారణకి వచ్చింది. స్టాంపు కాగితం, వెనక ముద్ర, పాత తేదీ. అప్పారావు ఎవరో పెద్దాయన్ని సాక్షిగా తెచ్చుకున్నాడు. స్థలం మీద జప్తు ఎత్తేశారు. దొంగసొమ్ముతో కొన్న స్థలం దర్జాగా బయటపడింది, నా పనితనం వల్ల. ప్రభుత్వం తరఫు లాయరుకి మాత్రం అనుమానం తీరలేదట. ఆ కాగితం రాసిన చెయ్యి ఎవరిదో దొరికితే వదిలిపెట్టనని అన్నాడట. ఆ మాట చోడవరం దాకా వచ్చింది. నా బల్ల దాకా వచ్చింది.

తర్వాతి నెల వరహాలమ్మ అభ్యంతరం. శిస్తు రసీదులు ఆరేళ్లూ సన్నిబాబు పేరునే ఉన్నాయి. ఇరుగుపొరుగు రైతులు ఆవిడే దున్నించేదని చెప్పారు గానీ, అది కౌలు కూడా కావచ్చు కదా అన్నారు. ఆవిడ అన్న సాక్ష్యం ఇంటివాడి సాక్ష్యం. ఇక మిగిలింది తెల్లకాగితం. అది ఎప్పుడు రాసిందో చెప్పాల్సింది నేను. ఆవిడ లాయరు నాకు సమన్లు పంపించాడు.

మీకు నా ఇరకాటం అర్థమైందా? ఈ తెల్లకాగితం నేనే రాశానని ఒప్పుకుంటే నా అక్షరం కోర్టు చేతిలో పడుతుంది. పక్క ఫైల్లో అదే అక్షరం, మా గురువుగారి పేరుతో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చేతిరాత నిపుణుడికి చూపించడానికి ఆ లాయరుకి ఎంతసేపు? ఇలా రాస్తుంటే నేనేదో పాపం ఇరుక్కుపోయినట్టు అనిపిస్తోంది. అలా అనుకోకండి. ఇరికించింది ఎవరు? నేనే. వారం రోజులు పిల్లి మీదా ఎలక మీదా పెట్టి ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. కూరలో ఉప్పు లేదని కంచం నెట్టేశాను. ఉప్పు ఉంది.

సాక్షిని పిలిపించుకున్నవాళ్లే బస్సు ఛార్జీ పెట్టుకుని భోజనం పెట్టించడం మా దగ్గర ఆనవాయితీ. వరహాలమ్మ పొద్దున్నే చోడవరం బస్టాండులో నాకోసం నిలబడి ఉంది. ఇద్దరికీ టికెట్లు తీసింది. కోర్టు దగ్గర హోటల్లో నాకు భోజనం పెట్టించి, తాను బయట బల్ల మీద కూర్చుంది. తింటావా అని అడిగితే ఇంట్లో తిని వచ్చానంది. నేను తిన్నాను. పెరుగు రెండోసారి వేయించుకున్నాను. ఏం చెయ్యబోతున్నానో తెలిసి తిన్నాను. ఆ పెరుగు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

బోనులో ప్రమాణం చేశాను. కాగితం చేతికిచ్చారు. అటూ ఇటూ తిప్పాను. ఇది నా దస్తూరి కాదు, ఎప్పుడు రాసిందో నాకు తెలియదు అన్నాను. ఆవిడ లాయరు మళ్లీ అడిగాడు. ఎన్నో కాగితాలు రాస్తాను, నాకు గుర్తు లేదు అన్నాను. అయిపోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

బయటికి వచ్చాక ఆ లాయరు నన్ను పక్కకి పిలిచాడు. కోప్పడలేదు. తీర్పుకి ఇంకా పది రోజులుందని, ఈలోగా ఏమైనా గుర్తొస్తే కబురు చెయ్యమని, కోర్టుని అడిగి మళ్లీ బోను ఎక్కిస్తానని అన్నాడు. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. కోర్టులో అబద్ధం భయంతో ఆడాను. దానికి ఏదో ఒక సాకు చెప్పుకుని బతికేవాణ్ణేమో. నేను మోస్తున్నది అది కాదు. దాని తర్వాతది.

తిరుగు బస్సులో ఆవిడ ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక సీట్లో. తిడుతుందేమోనని కాచుకుని ఉన్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. సబ్బవరం దాటాక ఆవిడ వెనక్కి తిరిగి, నాకేదో సాయం చేస్తున్నట్టు మొదలుపెట్టింది.

“బాబూ, ఆ దినం సోమారం. గురుతు రాలేదేటి? నేను పాల కేను ఒట్టుకొనే మీ కాడికి వచ్చేను. సన్నిబాబు మావ ఏలిముద్ర ఏసినపుడు సిరా పంచికి అంటుకుపోనాది. మీరు నవ్వేరు కూడాను.”

“గుర్తు లేదమ్మా.”

“పోన్లెండి. దినానికెన్ని రాస్తారు మీరు, అయన్నీ ఏటి గురుతుంటాయి. తప్పు నాదేను బాబూ. ముందుగాల మీ కాడికొచ్చి ఇయ్యన్నీ సెప్పుండాల. కాగితం సూస్తే మీకే గురుతొచ్చేస్తాదనుకున్నాను.”

నేను కిటికీ వైపు తిరిగాను. ఆవిడ మళ్లీ అడిగింది.

“ఇంటికెల్లేక గురుతొస్తే మళ్లీ ఎల్లి సెప్పనిస్తారా బాబూ?”

పది రోజులుంది. మళ్లీ పిలిపిస్తానని ఆ లాయరు గంట క్రితమే నాతో చెప్పాడు. ఆవిడకి ఆ సంగతి తెలియదు.

“లేదమ్మా. ఒకసారి చెప్పేశాక ఇంక అంతే. మళ్లీ మాట మారిస్తే నన్నే లోపలేస్తారు.”

“వొద్దు బాబూ, వొద్దు. నా కోసరం మీకెందుకొచ్చిన తంటా. నాను లాయరుబాబుకి కూడా సెప్పేస్తాను, మిమ్మల్ని ఇబ్బంది పెట్టొద్దని.”

చెప్పింది కూడా. నన్ను మళ్లీ పిలవొద్దని తన లాయరుకి తనే చెప్పింది. ఇంక ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఆ పది రోజులూ నేను రోజూ అరుగు మీద కూర్చుని దస్తావేజులు రాశాను. ఒక కార్డు ముక్క రాస్తే చాలు. చేతిలో కలం ఉంది, ఎదురుగా పోస్టు డబ్బా ఉంది. తొమ్మిదో రోజున కార్డు కొన్నాను కూడా. అడ్రసు రాశాను. తర్వాత దాన్ని చించేశాను. జైలు భయమా? కొంత. నా పేరు పోతుందనే భయమే ఎక్కువ. ముత్యాల్లాంటి అక్షరం! ఆ అక్షరాన్ని నేను ఎంత కాపాడుకున్నానంటే, దాన్ని నాది కాదని చెప్పి మరీ కాపాడుకున్నాను.

తెల్లకాగితాన్ని నమ్మలేమని తీర్పు వచ్చింది. జప్తు ఖాయమైంది. అప్పీలుకి వెళ్లడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. తర్వాత కేసులో అప్పారావుకి శిక్ష పడింది, పొలం వేలం వేశారు. ఎవరో కొనుక్కుని సరుగుడు వేశారు. అప్పారావు అన్న పేరు మీదున్న స్థలం అమ్ముడుపోయి, ఆ డబ్బు అప్పారావు లాయర్లకీ, తాగుడికీ సరిపోయింది. అందులోంచి వరహాలమ్మకి చీర ముక్క కూడా రాలేదు. ఎక్కడైనా ఉంటుందా ఈ అన్యాయం? దొంగకి అడ్డుపడాల్సిన హద్దు దొంగనే కాపాడింది. కష్టపడ్డావిడని కాపాడాల్సిన చోట కాపాడలేదు. రెండుచోట్లా ఉన్నది ఒకే చెయ్యి.

ఆవిడ గేదెలకి గడ్డి ఆ పొలం గట్ల మీదనుంచే వచ్చేది. పొలం పోయాక గడ్డి కొనాల్సి వచ్చింది. ఏడాదిలో మిగిలిన గేదెలూ పోయాయి. ఆ తర్వాత ఆవిడ చెరుకు కోతలకి వెళ్లేది. నలభై దాటాక చెరుకు కోతకి కొత్తగా దిగడం అంటే ఏమిటో మా వైపు వాళ్లకి తెలుసు.

నా దగ్గరికి రావడం మాత్రం మానలేదు. రేషను కార్డుకో, పింఛనుకో అర్జీ రాయించుకోవాలంటే వడ్డాదిలోనే రాసేవాళ్లున్నా నా బల్ల దగ్గరికే వచ్చేది. నేను డబ్బు తీసుకునేవాణ్ణి కాదు. తీసుకోకపోతే ఎంత మంచివాడివి బాబూ అనేది. ఒకసారి ఆవిడ సొంత అన్న నలుగురిలో నన్ను అబద్ధాలకోరు అన్నాడట. ఆవిడ ఆయనతో దెబ్బలాడిందట. అబద్ధం ఆడాల్సిన అవసరం ఆ బాబుకేటుంది, పాపం మతిమరుపు మనిషి అందట. ఆ మాట పట్టుకుని చోడవరంలో జనం నాకు ప్రతిదీ రెండుసార్లు చెప్పడం మొదలుపెట్టారు. తేదీలు చీటీ మీద రాసిచ్చేవారు. మా ఆవిడ కూడా నాకు మతిమరుపు అనే నమ్మింది. నేను కాదనలేదు. కాదంటే మరి ఆ రోజు సంగతేమిటి అని అడుగుతారు కదా.

వరహాలమ్మ రెండేళ్ల క్రితం పోయింది. చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని అర్జీ చివర వేలిముద్ర వేస్తుంటే నోరు తెరిచిన రోజులున్నాయి. తెరిచి, ఏ తేదీ వెయ్యమంటావు అని అడిగేవాణ్ణి. చెబితే ఆవిడ నన్ను క్షమించేసేదని నా భయం. అప్పుడిక నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

పోయిన నెల ఆవిడ కూతురు వచ్చింది. ఇప్పుడు నేను బల్ల తీసేశాను, ఇంట్లోనే ఎవరైనా వస్తే రాసిపెడతాను. ఇంటి స్థలం కోసం దరఖాస్తు నింపమంది. మీరే రాయాలని అమ్మ చెప్పేదండీ అంది. పేరు రాశాను, ఊరు రాశాను. కింద ఒక గడి ఉంది. కుటుంబానికి గానీ, తల్లిదండ్రులకి గానీ ఉన్న భూమి వివరాలు. నా కలం ఆగింది. ముసలాయనకి అర్థం కాలేదనుకుంది కాబోలు, ఏమీ లేదు కదండీ, లేదని రాసేయండి అంది.

లేదు అని రాశాను. గుండ్రంగా.

ఆ పిల్లకైనా చెప్పొచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. చెప్పలేదు. కాగితం మడిచి పట్టుకుని దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నుంచి నాకు దేనిమీదా మనసు నిలవడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. దీనివల్ల ఎవరికీ సెంటు భూమి తిరిగి రాదని నాకు తెలుసు. మీరు నన్ను ఏమీ అనక్కర్లేదు, అయ్యో అని కూడా అనకండి. రాస్తున్నంతసేపూ ఊపిరి కాస్త ఆడుతోంది, నాకదే చాలు. ఆ గడిలో రాయాల్సింది ఇక్కడ రాస్తాను.

ఉంది. వడ్డాది పొలంలో డెబ్బై సెంట్ల పల్లం. తూర్పు కాలవ. దక్షిణం సన్నిబాబు తాటిచెట్లు. పడమర కొండబాబు చెరుకు మడి. ఉత్తరం బళ్లు వెళ్లే పుంత. మొగుడు ఉద్యోగంలో చేరడానికి నాలుగేళ్ల ముందు, ఒక సోమవారం పొద్దున, వరహాలమ్మ తన పాల డబ్బుతో కొనుక్కుంది. కాగితం నేనే రాశాను. కోర్టులో అడిగినప్పుడు నాకు గుర్తుంది. బస్సులో ఆవిడ వెనక్కి తిరిగి ఒక్కొక్కటీ గుర్తుచేస్తున్నప్పుడు, ఆవిడ చెప్పనివి కూడా నాకు గుర్తున్నాయి.